మూలపడిన దీపం, పొగగొట్టంలో సెన్సర్

జర్మనీలోని గోటింగెన్‌లో పనిచేస్తున్న వాల్టర్ నెర్న్‌స్ట్ 1897 ప్రాంతంలో ఒక కొత్తరకం విద్యుద్దీపం తయారుచేశాడు. అప్పటి బల్బుల్లో కార్బన్ తీగ ఉండేది. గాలి తగిలితే కాలిపోతుంది కాబట్టి దాన్ని గాలి తీసేసిన గాజు బుడ్డిలో బిగించేవారు. నెర్న్‌స్ట్ ఆ తీగ మానేసి, జిర్కోనియం ఆక్సైడ్‌లో కొంచెం యిట్రియం ఆక్సైడ్ కలిపి సన్నని కడ్డీ చేశాడు. ఆక్సైడ్ కాబట్టి అందులో కాలడానికి ఇంకేమీ మిగల్లేదు. మామూలు గాలిలోనే తెల్లగా వెలిగేది. చిక్కల్లా ఒకటే: చల్లగా ఉంటే ఆ కడ్డీలో కరెంటు పారదు, ముందు దాన్ని బాగా వేడిచెయ్యాలి. కొన్నేళ్లకు టంగ్‌స్టన్ బల్బులు వచ్చాయి, నెర్న్‌స్ట్ దీపం మూలపడింది.

ఆ కడ్డీలో పారేది ఎలక్ట్రాన్లు కావు, ఆక్సిజన్ అయాన్లు. యిట్రియం చేరిన చోట పదార్థంలో ఆక్సిజన్ ఉండాల్సిన కొన్ని స్థానాలు ఖాళీగా మిగులుతాయని, అయాన్లు ఆ ఖాళీల మీదుగా ఒకచోటి నుంచి మరోచోటికి దూకుతూ పోతాయని 1943లో కార్ల్ వాగ్నర్ వివరించాడు. అలాంటి పింగాణీ గోడకు ఒక పక్క ఆక్సిజన్ ఎక్కువగా, రెండో పక్క తక్కువగా ఉంటే రెండు ముఖాల మధ్య వోల్టేజి పుడుతుంది. ఎంత పుడుతుందో లెక్కగట్టే సమీకరణం కూడా నెర్న్‌స్ట్‌దే. దీపం కన్నా ముందే, 1889లో ఇచ్చాడు.

ఈ సంగతి కార్ల దాకా రావడానికి లాస్ ఏంజెలెస్ గాలి చెడిపోవాల్సి వచ్చింది. కార్ల పొగలోని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండ తగిలి ఓజోన్‌ను పుట్టిస్తున్నాయని, కళ్లు మండించే ఆ పొగమంచుకు అదే కారణమని కాల్‌టెక్ రసాయనశాస్త్రవేత్త హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో చూపించాడు. అమెరికా 1970లో కఠినమైన చట్టం తెచ్చింది. 1975 మోడళ్ల నుంచి క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. సీసం ఈ కన్వర్టర్‌కు విషం, అందుకే సీసం లేని పెట్రోలు కూడా తప్పనిసరి అయింది. మన దేశమంతటా అది అమల్లోకి వచ్చింది 2000 ఫిబ్రవరిలో.

కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు మూడింటినీ ఒకే కన్వర్టర్‌లో శుభ్రం చెయ్యాలంటే గాలి, పెట్రోలు పాళ్లు చాలా ఇరుకైన హద్దులో ఉండాలి. కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి. గాలి ఎక్కువైతే లీన్, పెట్రోలు ఎక్కువైతే రిచ్. మొదటి రెండు వాయువుల్ని కాల్చడానికి ఆక్సిజన్ కావాలి, మూడోదాని నుంచి ఆక్సిజన్‌ను ఊడబెరకాలి. కార్బురేటర్‌తో అంత నిలకడ సాధ్యం కాదు. బయటికి పోతున్న పొగను ప్రతిక్షణం చూసి ఇంజిన్‌కు చెప్పే పరికరం కావాలి. బాష్ కంపెనీ ఇంజినీర్లు నెర్న్‌స్ట్ దీపపు పదార్థాన్నే తీసుకుని, బొటనవేలంత మూసిన గొట్టంగా చేసి, లోపలా బయటా ప్లాటినం పూత పూశారు. లోపలి వైపు బయటిగాలి, బయటి వైపు పొగ. 1976లో కాలిఫోర్నియాకు వెళ్లే వోల్వో కార్లలో ఇది తొలిసారి అమ్మకానికి వచ్చింది. దీని పేరే లాంబ్డా సెన్సర్. పొగలో ఆక్సిజన్ మిగిలితే 0.1 వోల్టు, మిగలకపోతే 0.9 వోల్టు చూపిస్తుంది. దీపానికున్న పాత చిక్కు దీనికీ ఉంది. 300 డిగ్రీలు దాటితేగానీ పలకదు. ఇంజిన్ పొగ వేడికే కాచుక్కూర్చోకుండా 1982లో సెన్సర్ లోపలే హీటర్ పెట్టారు.

1996 నుంచి అమెరికాలో అన్ని కొత్త కార్లకూ స్వయంగా లోపం పసిగట్టే వ్యవస్థ తప్పనిసరి అయ్యాక, కన్వర్టర్ తర్వాత రెండో సెన్సర్ వచ్చింది. దాని మొదటి పని కన్వర్టర్ మీద కాపలా. కన్వర్టర్‌లోని సీరియం ఆక్సైడ్ ఆక్సిజన్ ఎక్కువైనప్పుడు గాదెలో ధాన్యంలా దాచుకుని, కరువైనప్పుడు ఇస్తుంది. కాబట్టి కన్వర్టర్‌కు ముందున్న సెన్సర్ ఎంత ఊగినా వెనక సెన్సర్ దాదాపు 0.6, 0.7 వోల్టుల దగ్గర నిలకడగా ఉండాలి. రెండో పని ముందు సెన్సర్ ముసలిదై తప్పు చెబితే దిద్దడం. ఈ దిద్దుబాటుకు ఒక పరిమితి ఉంటుంది. ఆ పరిమితి దాకా పెట్రోలు పెంచినా వెనక సెన్సర్ ఇంకా ఆక్సిజన్ ఎక్కువే అంటుంటే కంప్యూటర్ చెక్ ఇంజిన్ లైటు వెలిగించి, పీ2096 అనే కోడ్ రాసుకుంటుంది. కన్వర్టర్ తర్వాత లీన్ అని దాని అర్థం.

ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. కోడ్ చూడగానే వెనక సెన్సర్ మార్చేస్తారు. నెలలోపే లైటు మళ్లీ వెలుగుతుంది. ఈ సెన్సర్‌కు పెట్రోలు సంగతి బొత్తిగా తెలియదని మరిచిపోవడం వల్లే ఈ తిప్పలు. దానికి తెలిసింది ఆక్సిజన్ ఒక్కటే. ఆక్సిజన్ ఎటునుంచి వచ్చినా లీన్ అనే అంటుంది.

సైలెన్సర్ పైపులో, ముందు సెన్సర్‌కూ కన్వర్టర్‌కూ మధ్య, సన్నని పగులు ఉందనుకోండి. అక్కడినుంచి పొగ బయటికి పోతుంది, అది అందరికీ తట్టే విషయం. పొగ ఎడతెగని ధారగా రాదని, ఒక్కో సిలిండర్ నుంచి ఒక్కో తోపుగా వస్తుందని, రెండు తోపుల మధ్య పైపులో ఒత్తిడి బయటిగాలి కన్నా తగ్గిపోతుందని చాలామందికి తట్టదు. ఆ క్షణంలో అదే పగులులోంచి బయటిగాలి లోపలికి వస్తుంది. వెనక సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూస్తుంది. ఇంజిన్ లోపల మిశ్రమం సరిగ్గానే ఉన్నా లైటు వెలుగుతుంది. ఈ పగులును తెల్లారి చల్లని ఇంజిన్ మీద వెతకాలి. టిక్ టిక్ అని చిన్న చప్పుడు వస్తుంది, ఇంజిన్ వేడెక్కి లోహం వ్యాకోచించాక ఆ చప్పుడు ఆగిపోతుంది. ప్యాకింగ్ దగ్గర, ఫ్లెక్స్ పైపు అల్లిక మీద మసి చార కనిపిస్తుంది.

మిస్‌ఫైర్ మరీ మోసం చేస్తుంది. ఒక సిలిండర్ మండకపోతే దాని పెట్రోలూ, దాని ఆక్సిజన్ మొత్తం, పొగలోకి వచ్చేస్తాయి. సెన్సర్‌కు ఆక్సిజనే కనిపిస్తుంది. కంప్యూటర్ లీన్ అనుకుని పెట్రోలు ఇంకా పోస్తుంది.

అందుకని మొదట స్కానర్‌లో ముందు సెన్సర్ ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. ప్లస్ 10 అంటే కంప్యూటర్ తన లెక్క కన్నా 10 శాతం పెట్రోలు ఎక్కువ పోస్తోందని. ముందు ట్రిమ్ సున్నా దగ్గరే ఉండి వెనక మాత్రం లీన్ అంటే ముందు, వెనక సెన్సర్లకు పొసగడం లేదు. పైపు పగులో, ఏదో ఒక సెన్సర్ తప్పో అయి ఉంటుంది. ముందు ట్రిమ్ కూడా బాగా ప్లస్‌లో ఉంటే ఇంజిన్ నిజంగానే లీన్ కావచ్చు. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి 2500 ఆర్‌పీఎంలో తగ్గితే ఇన్‌టేక్ గొట్టాల్లో ఎక్కడో గాలి లీకు. స్పీడు, బరువు పెరిగేకొద్దీ పెరిగితే ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, ఇంజెక్టర్లు, గాలి కొలిచే సెన్సర్ మీద మురికి చూసుకోవాలి. మన దగ్గర ఇంకోటి ఉంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు కావాల్సిన గాలి పాలు సుమారు 13.5 మాత్రమే. పాత కార్లలో ట్రిమ్ కొన్ని శాతం ప్లస్‌కు జరగడం సహజం, దాన్ని లోపంగా లెక్కగట్టకూడదు.

వెనక సెన్సర్ మీద అనుమానం మిగిలితే ఇన్‌టేక్‌లోకి కొంచెం మండే గ్యాస్ వదిలి చూడాలి. వోల్టేజి 0.8 దాటి లేస్తే సెన్సర్ బాగున్నట్టే. లేవకపోతే దాని వైరు, కనెక్టర్ కూడా చూడాలి. చాలా సెన్సర్లు పోల్చుకోవడానికి కావాల్సిన బయటిగాలిని వైరు తీగల సందుల్లోంచే పీల్చుకుంటాయి. కనెక్టర్‌లోకి ఆయిల్ దిగినా, వైరు తెంపి టంకం పెట్టినా ఆ దారి మూసుకుపోయి, మంచి సెన్సరే లీన్ అని తప్పు చెబుతుంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చాలా బైకులు, స్కూటర్లలో కూడా ఆక్సిజన్ సెన్సర్ ఉంది, కాబట్టి ఈ సంగతి కార్లవాళ్లకే పరిమితం కాదు. ఈసారి లైటు వెలిగితే కొత్త సెన్సర్‌కు ఒప్పుకునే ముందు మెకానిక్‌ను స్కానర్ మీ ముందే పెట్టమనండి. ఐడిల్‌లో ముందు ట్రిమ్ ఎంత, 2500 ఆర్‌పీఎంలో ఎంత, వెనక వోల్టేజి ఎంత అని అడిగి రాసుకోండి. పైపు లీకు చల్లని ఇంజిన్ మీద చూశాకే డబ్బివ్వండి.