తొలి వెబ్ ఉద్యోగానికి ముందు అనుభవం: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఉద్యోగం వస్తేనే అనుభవం వస్తుంది, అనుభవం లేనిదే ఉద్యోగం రాదు.

వాస్తవం: కృష్ణా డెల్టా పల్లెల నుంచి కాలేజీలకు వెళ్లే విద్యార్థులను ఈ మాట అన్యాయంగా నిరుత్సాహపరుస్తోంది. వెబ్ డెవలప్‌మెంట్‌లో అనుభవమంటే, తాము తయారుచేసినదాన్ని ఇతరులు వాడుతుండగా బయటపడిన లోపాలను సరిదిద్దుకుంటూ వచ్చిన చరిత్ర; దానికి జీతం తప్పనిసరి షరతేమీ కాదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు దిగువనున్న లంకల వారికి వెంటనే తెలియవలసినవి రెండు: దిగువకు ఎంత నీరు వదులుతున్నారన్నది, 3.97 లక్షల వద్ద ఇచ్చే మొదటి ప్రమాద హెచ్చరిక అమల్లో ఉందా, 5.69 లక్షల వద్ద ఇచ్చే రెండవది అమల్లో ఉందా అన్నది. ఈ రెంటినీ తెలుగులో చూపే ఒక్క వెబ్ పేజీని తోట్లవల్లూరు మండల విద్యార్థి ఎవరైనా రూపొందించి ఊరివారి చేతికిస్తే, తరగతిలో ఎదురుకాని చిక్కులు ఒకటొకటిగా ముందుకొస్తాయి. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో వరుసల ఎడాన్ని ఇంగ్లీషు అక్షరాలకు సరిపడేంతే ఉంచితే వత్తులు కింది వరుసకు తగులుతాయి. జావాస్క్రిప్టుకు భారతీయ అంకెల పద్ధతి చెప్పకపోతే 11,43,000 కాస్తా 1,143,000గా కనిపించవచ్చు. సమాచారం ఏ గంటకు సంబంధించినదో రాయకపోతే, నిన్నటి ప్రవాహాన్ని నేటిదనుకున్న రైతు పశువులను కరకట్ట మీదికి తోలడంలో ఆలస్యం చేయవచ్చు. అధికారుల ప్రకటనే ప్రమాణమని ఆ పేజీ పైభాగాన స్పష్టంగా రాయడమూ వెబ్ డెవలపర్ వృత్తిధర్మంలో భాగమే.

అపోహ: కోర్సులో చేయించిన ప్రాజెక్టులు రెజ్యూమెలో ఉంటే చాలు.

వాస్తవం: అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో నేర్చుకున్నది వృథా కాదు గానీ, ఒకే బ్యాచివారంతా ఒకే షాపింగ్ సైటును చూపినప్పుడు ఎవరి ఆలోచన ఎంతో ఇంటర్వ్యూ చేసేవారికి అంతుపట్టదు. కోడులో ఏ మార్పు ఎప్పుడు, ఎందుకు జరిగిందో భద్రపరిచే గిట్ అనే సాధనాన్ని లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించాడు. పైన చెప్పినటువంటి సొంత పేజీకి అందులో నెలల తరబడి పేరుకున్న మార్పుల వరుస, వత్తులు తగులుతున్న దోషం ఏ రోజు ఎలా తీరిందో కూడా చూపుతుంది.

అపోహ: అనుభవ ధ్రువపత్రం కొనుక్కుంటే పని జరుగుతుంది.

వాస్తవం: భవిష్యనిధి ఖాతా చరిత్రను పరిశీలిస్తే లేని ఉద్యోగం బయటపడవచ్చు, అలా పోయిన నమ్మకం తిరిగి రావడం కష్టం.

అపోహ: బీటెక్ చదవని డిగ్రీ విద్యార్థులకు ఇలా అనుభవం సంపాదించే అవకాశం లేదు.

వాస్తవం: ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020–21లో డిగ్రీ చదువులో 10 నెలల ఇంటర్న్‌షిప్‌ను చేర్చింది, అందులో మొదటి సంవత్సరం తర్వాత చేసే రెండు నెలల సమాజసేవా ప్రాజెక్టు విద్యార్థిని నేరుగా ఊళ్లోకే పంపుతుంది. దానిని సర్వే పత్రాలతో సరిపెట్టుకోవడం పెద్ద నష్టం, ఎందుకంటే పైన చెప్పిన పేజీ వంటిదానికి అవసరమైన వాడుకదారులు అక్కడే ఉంటారు. ఊరు దాటి పనిచేయదలచినవారికి 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఉంది: దాన్ని నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్ కోడూ, దానిలోని లోపాల జాబితా కూడా అందరికీ తెరిచే ఉంటాయి గనుక, తెలుగు అక్షరాల ప్రదర్శనలో ఒక దోషాన్ని గమనించి, అది ఏ ఫోనులో, ఏ బ్రౌజరులో, ఏ క్రమంలో నొక్కితే మళ్లీ కనిపిస్తుందో వివరంగా నమోదు చేసిన విద్యార్థి, ఒక్క వరుస కోడు రాయకముందే డెవలపర్లు రోజూ చేసే పనిలో ఒక ముఖ్యభాగాన్ని చేసినట్టే.