మన ఊరికి ఒక ఆటస్థలం

మీ ఊళ్ళో పిల్లలు ఎక్కడ ఆడుకుంటున్నారు?

ఈ మాట అడిగితే చాలామంది తల్లులు "రోడ్డు మీద" అంటారు. "కల్లాల్లో" అంటారు. రోడ్డు మీద ఆటోలు, ట్రాక్టర్లు తిరుగుతాయి. కల్లాల్లో వడ్లు పోస్తే చోటుండదు. అయినా మగపిల్లలు ఎక్కడో ఒక చోటు వెతుక్కుంటారు. మరి ఆడపిల్లలు? పదీ పన్నెండేళ్ళు వచ్చేసరికి వాళ్ళ ఆట ఆగిపోతుంది. చీపురు, బిందె చేతికొస్తాయి.

ఆట అంటే పనిలేనివాళ్ళ కాలక్షేపం కాదు. ఆడితే ఒళ్ళు గట్టిపడుతుంది. ఆకలి వేస్తుంది. మంచి నిద్ర పడుతుంది. నలుగురితో కలిసి మెలగడం తెలుస్తుంది. ఓడిపోయినా మళ్ళీ లేవడం తెలుస్తుంది.

కరణం మల్లేశ్వరిది శ్రీకాకుళం జిల్లా. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. జీవాంజి దీప్తిది వరంగల్ జిల్లా కల్లెడ. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం గెలిచింది. పిల్లలందరూ పతకాలు తేవాలని లేదు. కానీ పరుగెత్తడానికి అందరికీ చోటు కావాలి.

స్థలం ఎక్కడిది?

ముందు బడిని చూడండి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. బడి స్థలం చాలకపోతే ఊరి ఉమ్మడి భూమి చూడాలి. ఊళ్ళో ప్రభుత్వ భూమి ఎంత ఉందో, ఏ సర్వే నంబరులో ఉందో రెవెన్యూ రికార్డుల్లో రాసి ఉంటుంది. తహసీల్దారు ఆఫీసులో అడగవచ్చు.

ఆ భూమిని ఎవరైనా ఆక్రమించుకుంటే? భయపడకండి. ఊరి ఉమ్మడి భూములను ఆక్రమించినవారిని ఖాళీ చేయించాలని, ఆ భూములను తిరిగి ఊరికి అప్పగించాలని 2011లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. సర్వేయరును పిలిపించి కొలిపించాలి. హద్దురాళ్ళు పాతించాలి.

చెరువు లోపలి భూమి మాత్రం వద్దు. వానాకాలంలో మునుగుతుంది. పశువులు మేసే బీడు మొత్తం తీసుకుంటే తగాదాలొస్తాయి. అది కూడా ఆలోచించాలి.

ఎలాంటి చోటు మంచిది?

2022లో తెలంగాణలో ఊరూరా క్రీడాప్రాంగణం పెట్టే పని మొదలైంది. ఉపాధి హామీ డబ్బుతో నేల చదును చేశారు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడేందుకు చోటు చేశారు. కొన్ని ఊళ్ళలో పిల్లలు ఆడారు. కొన్నిచోట్ల బోర్డు, స్తంభాలు మాత్రం మిగిలాయి. చుట్టూ ముళ్ళకంప పెరిగింది.

ఊరికి దూరంగా ఉన్న చోటికి ఏ తల్లీ కూతురిని పంపదు. అందుకని ఇవి చూసుకోండి:

ఇళ్ళకు దగ్గరగా ఉండాలి. పోయేదారిలో కల్లు దుకాణం, సారా దుకాణం ఉండకూడదు. అన్ని వాడల పిల్లలూ అడ్డులేకుండా రావాలి. పైన కరెంటు తీగలు ఉండకూడదు. పక్కన గోడ లేని బావి ఉండకూడదు. తాగే నీళ్ళు, మరుగుదొడ్డి, సాయంత్రం వెలుగు ఉండాలి. మరుగుదొడ్డి లేకపోతే ఎదిగిన ఆడపిల్లలు రారు.

ఎంత స్థలం కావాలి?

అర ఎకరం ఉంటే చాలు. అంటే 50 సెంట్లు, లేదా 20 గుంటలు.

వాలీబాల్‌కు సుమారు 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు కావాలి. చుట్టూ పది అడుగులు వదలాలి. ఆడవాళ్ళ కబడ్డీకి సుమారు 40 అడుగుల పొడవు, 26 అడుగుల వెడల్పు. ఖోఖోకు సుమారు 90 అడుగుల పొడవు, 52 అడుగుల వెడల్పు. ఈ మూడూ అర ఎకరంలో పడతాయి. అంచున చెట్లకు, పెద్దలు నడిచే బాటకు కూడా చోటు మిగులుతుంది.

ఎలా తయారు చేయాలి?

ముందు కంప కొట్టాలి. రాళ్ళు, గాజుపెంకులు ఏరాలి. గుంటలు పూడ్చి చదును చేయాలి. నీళ్ళు నిలవకుండా ఒక పక్కకు కొంచెం వాలు ఇవ్వాలి. చివర చిన్న కాలువ తీయాలి. తర్వాత మెత్తని ఎర్రమట్టి పోసి, తడిపి, రోలరుతో తొక్కించాలి.

ఆటగీతలు ఉత్తర దక్షిణాలుగా పొడవు ఉండేటట్టు గీయాలి. అప్పుడు సాయంత్రం ఎండ పిల్లల కళ్ళలో పడదు.

వేప, కానుగ మొక్కలు అంచుల్లోనే నాటాలి. ఆడేచోట నాటకూడదు. తల్లులు, చిన్నపిల్లలు కూర్చునేందుకు నీడలో రెండు అరుగులు కట్టించాలి. పెద్దవాళ్ళు నలుగురు కూర్చున్న చోట ఆడపిల్లలు ధైర్యంగా ఆడతారు.

ఎవరిని అడగాలి?

గ్రామసభలో అడగాలి. ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. మీరూ సభ్యులే. ఒక్కరే పోతే మాట వినిపించదు. పొదుపు సంఘంలో ముందుగా మాట్లాడుకోండి. పదిమంది కలిసి పోండి. ఏ స్థలం, ఎంత స్థలం, ఏమేమి కావాలి అన్నది కాగితం మీద రాసి ఇవ్వండి. ఏ పథకంలో డబ్బు వస్తుందో సర్పంచిని, పంచాయతీ కార్యదర్శిని అడగండి.

ఒప్పుకున్నాం అని నోటితో అంటే చాలదు. తీర్మానం పుస్తకంలో రాయించాలి. సంతకం పెట్టే ముందు చదవండి. స్థలం సర్వే నంబరు రాశారా? మరుగుదొడ్డి మాట రాశారా? చూడండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు. ఆ చదువు ఇలాంటి చోటే పనికొస్తుంది.

తయారైన తర్వాత

చూసేవాళ్ళు లేకపోతే ఆటస్థలం ఏడాదిలో పెంటకుప్ప అవుతుంది. చిన్న కమిటీ వేసుకోండి. అందులో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఆడపిల్లలు ఆడే వేళ ఏదో ముందే అనుకుని బోర్డు మీద రాయించండి. లేకపోతే రోజంతా మగపిల్లల క్రికెట్టే సాగుతుంది. ఆడపిల్లలు గట్టు మీద నిలబడి చూస్తారు.

వాళ్ళను గట్టు మీద నుంచి లోపలికి తీసుకురావలసింది మనమే.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో ఉమ్మడి భూమి ఎక్కడెక్కడ ఉంది?
2. మీ అమ్మాయి ఆట మానేసి ఎన్నాళ్ళయింది? ఎందుకు మానేసింది?
3. వచ్చే గ్రామసభలో అడగడానికి ఒక అర్జీ రాయండి.