సముద్రమునకు ఎదురు నిలిచిన కొండ

మన తూర్పుతీరము చాలవరకు పల్లపు నేల. పెన్న, కృష్ణ, గోదావరి నదులు తెచ్చి పోసిన ఒండ్రుమట్టి సముద్రముతో సమముగా పరచుకొని యుండును. కాకినాడ దాటి ఉత్తరమునకు పోవుకొలది తూర్పుకనుమలు తీరమునకు చేరువగును. విశాఖపట్టణము కడ ఒక కొండవరుస తిన్నగా సముద్రములోనికే చొచ్చుకొనిపోయినది. దీనినే డాల్ఫిన్ నోస్ అందురు. దూరమునుండి చూచువారికి దీని ఆకారము డాల్ఫిన్ ముట్టెవలె కనబడుటచే ఈ పేరు వచ్చినది. దీనికి దక్షిణమున యారాడ గ్రామము, దాని ఇసుకతీరము గలవు. ఉత్తరమున ఓడరేవు ప్రవేశమార్గము కలదు. కొండవరుస 350 మీటర్లకు పైబడిన ఎత్తు వరకు లేచినది. మొనపై నున్న దీపస్తంభము రాత్రివేళ ఓడలకు దారి చూపుచున్నది.

ఇట్లు సముద్రములోనికి మొనదేరిన కొండను భూగోళ శాస్త్రమున అగ్రమనియు, అలల తాకిడికి నిట్టనిలువుగా కోసికొనిపోయిన దాని ముఖమును భృగువనియు అందురు. పంటకు పనికిరాని ఈ రాళ్ళగుట్టతో గ్రామపంచాయతీలకు పని ఏమని కొందరు తలంపవచ్చును. తీరగ్రామముల వారి ఇసుక, వలలు, పడవలు, ఇండ్లు ఇట్టి కొండలమీద ఎంతగా ఆధారపడియున్నవో వివరించుటయే మా ఉద్దేశము.

రాయి పుట్టుక

ఈ కొండలోని ముఖ్యమైన రాతికి ఖొండలైట్ అని పేరు. తూర్పుకనుమలలో నివసించు ఖోండుల పేరనే శాస్త్రజ్ఞులు దీనికి ఆ పేరిడిరి. అతి ప్రాచీనకాలమున సముద్రగర్భమున పేరుకొన్న మట్టి, ఇసుక భూమిలోనికి లోతుగా దిగబడి, అచ్చటి వేడికిని ఒత్తిడికిని మారి ఈ రాయి ఏర్పడినది. ఆ మార్పు జరిగి సుమారు నూరుకోట్ల సంవత్సరములైనది. దీనిని విరిచి చూచినచో గార్నెట్ అను ఎర్రని గింజలు కనబడును. వానకు, ఎండకు రాయి చివికి పొడియైనప్పుడు ఆ గింజలు వాగుల వెంట సముద్రమును చేరును. మన తీరపు ఇసుకలో అక్కడక్కడ కనబడు ఎర్రని చారలు ఇట్టి గింజలవే.

సుమారు 13 కోట్ల సంవత్సరముల క్రిందట భారతభూమి అంటార్కిటికా ఖండమునుండి విడిపోవగా ఈ తూర్పుతీరము ఏర్పడినది. అయినను సముద్రము ఎల్లకాలము ఇచ్చటనే నిలిచియుండలేదు. సుమారు 20,000 సంవత్సరముల క్రిందట ప్రపంచమున మంచు అధికముగా నుండుటచే సముద్రమట్టము నేటికంటె దాదాపు 120 మీటర్లు క్రిందుగా నుండెను. నాడు డాల్ఫిన్ నోస్ ఒడ్డుకు ఎంతో దూరమున మెట్టనేలపై నిలిచిన మామూలు కొండ. మంచు కరగి నీరు పెరిగిన పిమ్మట, సుమారు ఆరేడువేల సంవత్సరముల క్రిందట, సముద్రము ఇంచుమించు నేటి మట్టమునకు చేరినది. కొండ మిగుల పాతది. దానిని నేడు చెక్కుచున్న అలల పని క్రొత్తది.

అలలు చేయు పని

లోతైన నీటినుండి వచ్చు అల, నేల మెరక తగిలినచోట మందగించి వంగును. సముద్రములోనికి మొనదేరిన కొండచుట్టు నేల ముందుగా మెరకయగుటచే అలలు ఇరుప్రక్కలనుండి దానివైపునకే వంగి దానినే మోదును. ప్రక్కనున్న అఖాతమున అదే అల బలము పలుచబడి నెమ్మదించును. కావున కొండ దెబ్బలు తినుచుండగా దాని చాటున ఇసుకతీరము నిలుచును. యారాడ ఇసుకతీరము ఇట్లు కొండల నడుమ ఒదిగినదే.

అల రాతి పగులులోనికి దూరినప్పుడు అందులోని గాలి నొక్కబడి, అల వెనుకకు పోగానే ఒక్కసారిగా విడివడును. ఇట్లు ఎడతెగక జరుగుటచే పగులు వెడల్పగును. ఉప్పునీరు ఎండి స్ఫటికములై రాతి రేణువులను విడదీయును. అల విసరు గులకరాళ్ళు అడుగుభాగమును అరగదీయును. అడుగు తొలుచుకొనిపోగా పైరాయి ఆధారము లేక కూలును. మెత్తని భాగము గుహయగును. గుహ ఇరుప్రక్కల తెరచుకొనినచో తోరణమగును. తోరణపు కప్పు కూలినచో రాతిస్తంభము మిగులును. విశాఖపట్టణము, భీమునిపట్టణముల నడుమ మంగమారిపేట ఒడ్డున ఇట్టి సహజ శిలాతోరణ మొకటి కలదు. అది శాశ్వతము కాదు. దానిపై ఎక్కి నిలుచుట తోరణమునకును, ఎక్కినవారికిని కూడ అపాయకరము.

కొండ పాదమున ఆటుపోట్లకు మునిగి తేలు రాతిగట్లపై వేరొక లోకము కలదు. విశాఖ తీరమున పెద్దపోటునకును పాటునకును నడుమ నీటిమట్టము సుమారు ఒకటిన్నర మీటరు మారును. నీరు తీసినప్పుడు రాతిగుంటలలో నిలిచిన నీటిలో పీతలు, నత్తలు, ఆలుచిప్పలు, చిరుచేపలు, నాచు కనబడును. పలురకముల చేపపిల్లలు పెద్ద చేపల బారిన పడకుండ రాళ్ళ సందుననే పెరుగును. కావున ఈ రాతిగట్లు పాడైనచో ఆ నష్టము వలకు తెలియును.

ఇసుక నడక

తీరవాసులు అన్నింటికంటె ముఖ్యముగా గ్రహింపవలసినది ఇసుక నడక. ఒడ్డున ఇసుక కదలక పడియున్నట్లు తోచును గాని అది ఎల్లప్పుడును ప్రయాణము చేయుచునే యుండును. నైరుతి ఋతుపవన కాలమున అలలు ఏటవాలుగా తగిలి ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు త్రోయును. ఈశాన్య ఋతుపవన కాలమున కొంత ఇసుక వెనుకకు మరలును. ఏడాది మొత్తము మీద ఉత్తరమునకు పోవునదే ఎక్కువ. అది ఏటేటా కొన్ని లక్షల ఘనమీటర్లుండును. ఒక ఊరి ఒడ్డు క్రింది ఊరినుండి అప్పు తెచ్చుకొని పై ఊరికి బాకీ తీర్చుచుండును. నడుమ ఎవరైన ఆపినచో పై ఊరికి నష్టము కలుగును.

విశాఖపట్టణ రేవు చరిత్ర ఇందుకు మంచి నిదర్శనము. డాల్ఫిన్ నోస్ దక్షిణపు అలలను అడ్డుకొనుటచేతనే దాని ఉత్తరపు చాటున ఓడరేవు నిర్మింపవచ్చునని ఇంజనీర్లు తలచిరి. చిత్తడినేలను త్రవ్వి నిర్మించిన ఆ రేవులోనికి 1933 అక్టోబరు 7న జలదుర్గ అను తొలి ఓడ ప్రవేశించినది. అయితే అలలను ఆపిన కొండ ఇసుకను పూర్తిగా ఆపలేదు. ఇసుక మొనను చుట్టివచ్చి ప్రవేశమార్గమును పూడ్చసాగినది. అందుచే రెండు పాత ఓడలను ముంచి అడ్డుగా నిలిపి, వాని చాటున ఇసుక పేరుకొనునట్లు చేసి, దానిని యంత్రములతో తోడసాగిరి. పిమ్మట 1970 దశకమున వెలుపలి రేవు కొరకు పెద్ద రాతికట్టలు కట్టిరి. ఇట్లు దారి అడ్డగింపబడిన ఇసుక తనంతట ఉత్తరపు తీరమును చేరజాలదు. అందుచే రేవు కడ తోడిన ఇసుకను యంత్రముల సాయమున నగరపు ఒడ్డునకు చేర్చవలసి వచ్చినది. అట్లు చేసినను ఆ ఒడ్డు పలుమార్లు కోతకు గురియైనది. ప్రకృతి ఊరకనే చేసిన పనిని మనుష్యుడు చేయబూనినచో ఏటేటా సొమ్ము వ్యయపరుపవలసియుండును. రేవు వలన దేశమునకు కలిగిన మేలు గొప్పది, ఆ వ్యయమును భరించుటకు రేవునకు ఆదాయము కలదు. చిన్న గ్రామపంచాయతీకి అట్టి ఆదాయ మెక్కడిది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును తాకినప్పుడు సముద్రపు బలమెట్టిదో ఈ ప్రాంతపువారు కన్నులార చూచిరి. అట్టి దినమున ఒడ్డున నిలుచు మొదటి కాపరులు కొండమొన, రాతిగట్లు, ఇసుకతిన్నెలు, తిన్నెలపై పెరిగిన మొగలి పొదలు. ఒక్కొక్క బండి ఇసుక చిన్నదిగానే తోచును. తిన్నెలో గండి పడినచో తుపానునాటి నీరు ఆ గండినుండియే ఊరిలోనికి వచ్చును.

పంచాయతీల కర్తవ్యము

తీరమును కాపాడుటకు చట్టముల అండ కలదు. కేంద్రప్రభుత్వము 1991లో తీరప్రాంత నియంత్రణ ప్రకటనను వెలువరించి, 2011, 2019 సంవత్సరములలో దానిని మార్చి క్రొత్తగా ప్రకటించినది. అరుదైన ఖనిజముల విషయమున తప్ప, నియంత్రిత ప్రాంతమున ఇసుకను, రాళ్ళను త్రవ్వి తీయుట దానిచే నిషిద్ధము. ఇసుకతిన్నెలును, సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లుపెట్టు స్థలములును మిక్కిలి రక్షణ పొందవలసినవిగా పేర్కొనబడినవి. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానికసంస్థయు జీవవైవిధ్య నిర్వహణ సంఘమును ఏర్పరచి, తమ ప్రాంతపు జీవజాతులను నమోదు చేయవలెను. రాతిగుంటలలోని ప్రాణులను, ఏ కాలమున ఏ చేప ఒడ్డుకు చేరునను సంగతిని ఊరి వృద్ధులైన మత్స్యకారులనుండి తెలిసికొని అందు వ్రాయింపవచ్చును. వారి అనుభవజ్ఞానము వారితోనే అంతరింపరాదు.

తీరగ్రామముల పంచాయతీ సభ్యులకు మేము చేయు సూచనలివి. రోడ్డు పనికిగాని, ఇంటి పునాదికిగాని ఒడ్డు ఇసుకను, కొండపాదపు రాతిని తీయుటకు ఎవ్వరికిని సమ్మతి నీయరాదు. ఊరి ఒడ్డున ఒక స్థిరమైన గుర్తు నాటి, అచ్చటనుండి పోటు గీత ఎంతదూరమున నున్నదో ఏటా ఒకే నెలలో కొలిచి పుస్తకమున వ్రాయవలెను. పది సంవత్సరముల కొలతలున్నచో కోత విషయమై అధికారులకు అర్జీ పెట్టునప్పుడు మాట చెల్లును. కొండమొన ప్రక్కన లోనికి లాగు ప్రవాహములు బలముగా నుండును. నాచుపట్టిన రాళ్ళు జారును. విహారమునకు వచ్చువారు అచ్చట ప్రాణములు కోల్పోవకుండ పెద్ద అక్షరములతో హెచ్చరిక పలకలు నిలుపవలెను. ఒడ్డును మార్చు నిర్మాణ మేదైన ప్రతిపాదింపబడినప్పుడు తమ ఊరితోబాటు ఉత్తరపు, దక్షిణపు పొరుగూళ్ళ పంచాయతీలతో కూడ సంప్రదించి, విషయమును గ్రామసభలో చర్చించి తీర్మానము చేయవలెను. ఇసుకకు ఊళ్ళ పొలిమేరలు లేవు గనుక దాని సంరక్షణ యందును పొలిమేరలు పనికిరావు.