కాఫీ తాగిన సంగతి దాచవద్దు

ముత్తుకూరు: ఆపరేషన్‌కు నెల్లూరు వెళ్లే రోగికి నీరసమని ఇంటివాళ్లు చాటుగా కాఫీయో, గంజో పట్టించడం పల్లెల్లో కద్దు. ఇది ప్రాణం మీదికి తెస్తుంది. మత్తులో ఉన్నవారికి దగ్గు రాదు. కడుపులోనిది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదముంది. అందుకే సాధారణంగా అన్నం, పాలు ఆరు గంటల ముందే, మంచినీళ్లు రెండు గంటల ముందే ఆపమంటారు.

మత్తు ఎంత జాగ్రత్త పనో తెలుగునాట ఏనాడో తేలింది. 1888, 1889లలో హైదరాబాదులో నిజాం ఖర్చుతో క్లోరోఫాంపై పరీక్షలు జరిపించిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, శ్వాసనే కనిపెట్టి ఉండాలన్నారు. గుండెకూ ముప్పుందని తర్వాత రుజువైంది. నేడు రెంటినీ యంత్రాలు కనిపెడుతున్నాయి. కడుపులో ఏముందో మాత్రం ఆ యంత్రాలు చెప్పవు, రోగే చెప్పాలి. పొరపాటున తాగితే డాక్టరుకు చెప్పేయాలి. ఆపరేషన్ వాయిదా పడితే పడుతుంది, ప్రాణం దక్కుతుంది.