పాచి మీద ఓ సదస్సు! అమెరికాలో 60 ఏళ్లుగా సైంటిస్టులు, స్టూడెంట్లు ఎందుకు కలుస్తున్నారు?

నీళ్ల ట్యాంకు గోడకు పాచి పడితే ఏం చేస్తాం? గీకి పారేస్తాం. చెరువు మీద నాచు పేరుకుంటే ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటాం. కానీ ఇదే పాచి, ఇదే నాచు గురించి మాట్లాడుకోవడానికి అమెరికాలో ఏటా ఓ సదస్సు పెట్టుకుంటున్నారు. అసలు ఏంటీ సదస్సు? అంత మాట్లాడుకోవడానికి నాచులో ఏముంది? వివరాల్లోకి వెళ్దాం.

ఎక్కడ మొదలైంది?

అమెరికా ఈశాన్య తీరంలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో వుడ్స్ హోల్ అనే చిన్న ఊరు ఉంది. సముద్ర జీవుల పరిశోధనకు పేరున్న ఊరది. 1960ల్లో అక్కడే 'నార్త్ ఈస్ట్ ఆల్గల్ సింపోజియం' మొదలైంది. దీన్ని నడిపేది నార్త్ ఈస్ట్ ఆల్గల్ సొసైటీ. అమెరికా ఈశాన్య రాష్ట్రాలు, పక్కనున్న కెనడా ప్రాంతాల నుంచి నాచు పరిశోధకులు వస్తారు. పేరున్న ప్రొఫెసర్లు మాట్లాడే వేదిక మీదే డిగ్రీ స్టూడెంట్ కూడా తన పరిశోధన చెప్పొచ్చు. పోస్టర్లు పెట్టొచ్చు. బాగా చేసిన స్టూడెంట్లకు అవార్డులూ ఉంటాయి.

నాచు మొక్క కాదా?

చూడ్డానికి మొక్కలాగే ఉంటుంది కానీ దీనికి అసలైన వేర్లు ఉండవు, పువ్వు పూయదు, విత్తనం పెట్టదు. మైక్రోస్కోప్‌లో తప్ప కనిపించని ఒంటి కణం నాచూ ఉంది, పదుల మీటర్ల పొడవు పెరిగే కెల్ప్ కూడా ఉంది. భూమ్మీద తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు సగం సముద్రంలోనే పుడుతోందని సైంటిస్టుల అంచనా. అందులో ఎక్కువ భాగం ఈ కంటికి కనిపించని నాచు, దానితో పాటు బతికే బ్యాక్టీరియా పనే.

ప్రాణాల మీదకు తెచ్చే నాచు

అన్ని నాచులూ మంచివి కావు. ఆ తీరంలో 'అలెగ్జాండ్రియం' అనే సూక్ష్మ నాచు ఉంది. అది సాక్సిటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. నీటిని వడకట్టి తిండి తీసుకునే ఆల్చిప్పల్లోకి ఆ విషం చేరుతుంది. వాటిని తిన్న మనిషికి పెదవులు తిమ్మిరెక్కుతాయి. తీవ్రమైతే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. వండినా ఈ విషం పోదు! 1972లో న్యూ ఇంగ్లండ్ తీరాన్ని ఇదే నాచు వణికించింది. ఆల్చిప్పల వేట ఆపేయాల్సి వచ్చింది. ఏ నాచు ఎప్పుడు, ఎక్కడ పెరుగుతోందో ముందే కనిపెట్టే వాళ్లుంటేనే తినేవాళ్ల ప్రాణాలు, మత్స్యకారుల బతుకులు నిలబడతాయి.

సముద్ర అడవి ఖాళీ అవుతోందా?

ఇంకో సమస్య కెల్ప్. నీటి అడుగున చేపపిల్లలకు, చిన్న జీవులకు నీడనిచ్చే అడవి ఇది. అక్కడి గల్ఫ్ ఆఫ్ మెయిన్ నీళ్లు ప్రపంచ సముద్రాల్లో చాలా భాగం కంటే వేగంగా వేడెక్కుతున్నాయి. దాంతో దక్షిణ భాగంలో కెల్ప్ తగ్గి, ఆ చోటును పొట్టిగా, దట్టంగా పెరిగే ఎర్ర నాచు ఆక్రమిస్తోంది. అందులో ఆసియా వైపు నుంచి వచ్చిన రకం కూడా ఉంది.

అయితే మార్పు వచ్చిందని తెలియాలంటే పాత లెక్క కావాలి కదా? అది ఎక్కడుందంటే, కాగితాల మీద! పట్టుకొచ్చిన నాచును నీళ్ల పళ్లెంలో తేలేసి, కింద కాగితం పెట్టి మెల్లగా పైకి లేపుతారు. దాని జిగురుతోనే చాలా రకాలు కాగితానికి అంటుకుని ఆరిపోతాయి. పక్కన తేదీ, చోటు రాస్తారు. ఇలా ఔత్సాహికులు ఎప్పుడో దాచిన షీట్లే ఇవాళ సైంటిస్టులకు సాక్ష్యాలు. ఏ ఊరి తీరంలో ఏ నాచు ఉండేదో అవే చెబుతాయి.

ఒక చిన్న పరిశోధన.. లక్షల మందికి ఉపాధి

నాచు మీద పరిశోధన ఎవరికి ఉపయోగం అనేవాళ్లకు ఒక్క పేరు చాలు, క్యాథ్‌లీన్ డ్రూ బేకర్. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ సైంటిస్ట్. పెళ్లైన ఆడవాళ్లకు ఉద్యోగం ఇవ్వని రోజులవి. లెక్చరర్ పోస్టు పోయినా ఆమె పరిశోధన ఆపలేదు. తినే నాచు విత్తనం లాంటి దశ గవ్వల్లో దాక్కుని పెరుగుతుందని 1949లో బయటపెట్టారు. అప్పటిదాకా జపాన్‌లో నోరి సాగు పూర్తిగా అదృష్టం మీదే నడిచేది. ఈ రహస్యం తెలిశాక అక్కడి సైంటిస్టులు నాచు విత్తనాన్ని చేతుల్లోకి తెచ్చుకున్నారు. ఆమె ఒక్కసారి కూడా జపాన్ వెళ్లలేదు. అయినా అక్కడి ఉటో పట్టణంలో ఆమెకు స్మారకం కట్టారు. ఏటా ఏప్రిల్ 14న తలచుకుంటారు.

మరి మన సంగతేంటి?

నాచు మనకూ కొత్త కాదు. వరి మడిలో వేసే అజొల్లా తెలుసు కదా? గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందించేది ఆ ఆకుల్లో కాపురం ఉండే నీలి ఆకుపచ్చ నాచే. విశాఖ తీరంలో రాళ్లకు అంటుకుని పెరిగే సముద్రపు నాచు మీద ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు దశాబ్దాల క్రితమే పని చేశారు. పక్కనే తమిళనాడులోని రామనాథపురం తీరంలో ఎందరో మహిళలు నాచు ఏరే బతుకుతున్నారు. ల్యాబుల్లో వాడే అగర్ కూడా సముద్రపు నాచు నుంచే వస్తుంది.

ఈసారి బీచ్‌కి వెళ్లినప్పుడు కాళ్లకు నాచు తగిలితే విసుక్కోకండి. ఒక్క ఫొటో తీసి, తేదీ, చోటు రాసి దాచుకోండి. మన తీరం ఒకప్పుడు ఎలా ఉండేదో రేపు ఎవరైనా అడిగితే, మీ దగ్గర జవాబు ఉండొచ్చు.