పద్యం నుంచి పాటకు: తెలుగు గానంలో మైక్రోఫోను తెచ్చిన మార్పు

కీలక పదాలు: పద్యనాటకం, గ్రామఫోను, లలిత సంగీతం, నేపథ్యగానం.

ఉపోద్ఘాతం:
ఇరవయ్యో శతాబ్ది రెండో పాదంలో తెలుగు పాట స్వరూపం మారిపోయింది. ఈ పరిణామాన్ని సాధారణంగా కవుల, సంగీత దర్శకుల ప్రతిభకే ఆపాదిస్తుంటారు. ధ్వనిని నమోదు చేసే, ప్రసారం చేసే సాధనాలకు ఇందులో ఉన్న పాత్రను వివరించడం ఈ వ్యాసోద్దేశం.

రంగస్థల గానం:
పద్యనాటకంలో నటుడే గాయకుడు. మైకు లేని రోజుల్లో చివరి వరుస ప్రేక్షకునికీ వినిపించేలా, హార్మోనియం తోడుగా హెచ్చు శ్రుతిలో పాడవలసి వచ్చేది. రాగాలాపనకు కాలపరిమితి లేదు. ‘వన్స్‌మోర్’ అంటే అదే పద్యం మళ్ళీ మొదలయ్యేది.

రికార్డు, టాకీ, రేడియో:
నిమిషానికి 78 సార్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల గానమే. దీంతో ఆలాపన కుదించుకుపోయింది. పల్లవి, చరణాల విభాగం కీర్తనలో పూర్వమే ఉన్నా, ఈ కొలతకు అది చక్కగా ఒదిగింది. సురభి నటులతో తీసిన ‘భక్త ప్రహ్లాద’ (1932) నాటికి నటులే పాడేవారు కనుక, తొలి టాకీలలో రంగస్థల కంఠమే కొనసాగింది. నేపథ్యగానం వచ్చాక ముఖం, గొంతు వేరయ్యాయి. మద్రాసు (1938), విజయవాడ (1948) రేడియో కేంద్రాలు లలిత సంగీతాన్ని ఇంటింటికీ చేర్చాయి. మైక్రోఫోను ఎదుట గొంతెత్తవలసిన పనిలేదు. గుసగుస కూడా వినిపిస్తుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి రాయగా సాలూరి రాజేశ్వరరావు స్వరపరచిన ‘మల్లీశ్వరి’ (1951) పాటల్లోని సున్నితత్వం ఈ సౌలభ్యంతోనే సాధ్యమైంది.

ఒక నిదర్శనం:
ఈ మార్పు కేవలం రచనలోనిదే అయితే పద్యం పాతపద్ధతిలోనే మిగలాలి. కాని కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పద్యాలను ఘంటసాల రికార్డులో పాడిన తీరు చూడండి. అవి ఛందోబద్ధమైన పద్యాలే. అయినా అక్కడ వినిపించేది సభను గెలిచే గొంతు కాదు, ఒక్క శ్రోతతో మాట్లాడే గొంతు. ఛందస్సు మారలేదు, గాత్రం మారింది.

ముగింపు:
కనుక పాటల పుస్తకాలను మాత్రమే ఆధారం చేసుకునే పరిశోధన ఈ మార్పులో సగాన్నే చూడగలుగుతుంది. లక్కతో చేసిన 78 రికార్డులు చేయిజారితే పగిలిపోతాయి. వాటిని సేకరించి, డిజిటల్ రూపంలో భద్రపరచి, పాఠంతో సమానంగా ఆధారాలుగా స్వీకరించడం తెలుగు శాఖల తక్షణ కర్తవ్యం.