రాగి తొట్టి, వెల్లుల్లి, బొంగరం

సాయంకాలపు తెలుగు తరగతిలో ఒకనాడు మేము పిల్లలకు రంగులిచ్చి, "మీకు గొప్పగా తోచినది ఒకటి గీయండి" అన్నాము. కొందరు గుడి గోపురం గీశారు. కొందరు లె మోర్న్ కొండను, కొందరు విమానాన్ని గీశారు. అమ్మమ్మ మసాలా నూరే రాయిని ఒక్కరు కూడా గీయలేదు. ఎందుకని అడిగితే, "అది వంటింటి రాయి కదా, మాస్టారూ!" అన్నారు. ఇది పిల్లల తప్పు కాదు. ఏది బొమ్మకు తగినది, ఏది తగనిది అనే వాదం చాలా పాతది. ఆ వాదానికి కుంచెతోనే జవాబు చెప్పిన ఒక చిత్రకారుని గురించి ఇక్కడ తెలుసుకుందాము.

1667లో ఆంద్రే ఫెలిబియేన్ అనే ఫ్రెంచి పండితుడు చిత్రకళలో అంతస్తులను నిర్ణయించాడు. పురాణగాథలు, చరిత్ర ఘట్టాలు పై మెట్టున ఉన్నాయి. వాటి క్రింద మనుషుల రూపచిత్రాలు, ఆ క్రింద జంతువులు, ప్రకృతి దృశ్యాలు ఉన్నాయి. పండ్లు, పువ్వులు, గిన్నెలు అట్టడుగున మిగిలాయి. పారిస్ లోని రాజ అకాడెమీ చాలాకాలము ఈ వరుసనే పాటించింది.

జాన్ బాతిస్త్ సిమెయోన్ షార్దేన్ 1699లో పారిస్‌లో ఒక వడ్రంగి ఇంట పుట్టాడు. 1728లో అకాడెమీ ఈయనను "జంతువులు, పండ్లు చిత్రించువాడు" అనే హోదాతో చేర్చుకున్నది. అప్పుడు ఈయన సమర్పించిన చిత్రాలు రెండు. ఒకదానిలో కడుపు చీల్చిన టేకు చేప కొక్కేనికి వ్రేలాడుతుంటుంది. క్రింద ఆల్చిప్పల మీద ఒక పిల్లిపిల్ల రోమాలు నిక్కబొడుచుకొని నిలబడి ఉంటుంది. రెండవదానిలో బల్లపై పండ్లు గోపురంలాగా పేర్చి ఉంటాయి. ఒక కుక్క మెడ ఎత్తి వాటిని చూస్తుంటుంది, ఒక చిలుక కూడా ఉంటుంది. ఈ రెండూ నేడు లూవ్ర్ ప్రదర్శనశాలలో కలవు.

ఇవి తైలవర్ణ చిత్రాలు. రంగుపొడిని అవిసె గింజల నూనె వంటి నూనెలో నూరి వాడతారు. దీపానికి పోసే నువ్వుల నూనె గాని, తలకు రాసే కొబ్బరి నూనె గాని ఇందుకు పనికిరాదు, అవి గట్టిపడవు. అవిసె నూనె నీటిలాగా ఆవిరైపోదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని, రోజులు గడిచేకొద్దీ గట్టి పొరగా మారుతుంది. అందుచేత చిత్రకారునికి తీరిక దొరుకుతుంది. తడిగా ఉండగానే రంగులో రంగు కలపవచ్చును. ఆరిన పొర మీద పలుచని పొర వేస్తే, అడుగు రంగు లోపలినుంచి వెలుగుతుంది. షార్దేన్ చాలా నిదానంగా పనిచేసేవాడు. వస్తువును ఎదుట పెట్టుకొని, దాని మీద వెలుగు ఎక్కడ పడుతున్నది, ప్రక్క వస్తువు నీడ ఎంత తాకుతున్నది అని చూస్తూ వేసేవాడు.

ఈయన వేసిన వస్తువులు ఎటువంటివో చూడండి. ఒక చిత్రమంతా ఇంట్లో నీరు నిలవచేసే రాగి తొట్టి, దాని ప్రక్కన బొక్కెన. మరొకదానిలో గ్లాసెడు నీళ్ళు, కాఫీ పాత్ర, వెల్లుల్లి గడ్డలు. 1740లో రాజుకు సమర్పించిన చిత్రంలోనూ రాజు లేడు. అన్నం వడ్డిస్తూ తల్లి పిల్లల చేత ప్రార్థన చెప్పిస్తున్నది, అంతే. రూపచిత్రాలలో మాకు ఇష్టమైనది ఒక నగల వ్యాపారి కొడుకుది. పుస్తకాలు, ఈకకలము ప్రక్కకు నెట్టి, బల్ల మీద తిరిగే చిన్న బొంగరాన్ని ఆ పిల్లవాడు మైమరచి చూస్తుంటాడు. ఉపాధ్యాయులమైనా ఆ బాలుని మందలించబుద్ధి కాదు! ముసలితనంలో చూపు దెబ్బతిని, నూనె రంగులు వదలి, షార్దేన్ పాస్టెల్ సుద్దలు పట్టాడు. కళ్ళజోడు పెట్టుకున్న తన ముఖాన్నే వేసుకున్నాడు. 1779లో మరణించాడు.

ఆ కాఫీ పాత్ర దగ్గర మనము కొంచెము ఆగవలెను. ఆనాడు పారిస్ త్రాగిన కాఫీలో చాలా భాగము ఫ్రెంచి ద్వీపాలలో బానిసలు పండించినది. మన పొరుగున ఉన్న రెయూనియన్, అప్పటి పేరు బూర్బోన్, అక్కడ కూడా కాఫీతోటలు ఉండేవి. పాత్ర బొమ్మకెక్కింది గాని పండించిన చేతులు ఎక్కలేదు. 1835లో మన ద్వీపంలో బానిసత్వము రద్దయిన తరువాత, ఆ చేతుల స్థానంలో చెరకుతోటలకు వచ్చినవి మన పెద్దల చేతులే. కోరంగి రేవు నుంచి వచ్చినందుకు మనవారిని "కోరంగీలు" అన్నారు. 1860వ దశకం నుంచి వలస కార్యాలయము వారు కూలీలకు ఫోటోలు తీయసాగారు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆ రికార్డులు భద్రంగా ఉన్నాయి. వాటిలో మన పూర్వుల ముఖాలు దొరకడము మన అదృష్టమే. కాని అవి మనిషిని గుర్తుపట్టడానికి, నంబరుతో సహా తీసినవి. ఆ మనిషి ఏ గిన్నెలో వండుకున్నాడో, ఏ కుక్కను సాకాడో అవి చెప్పవు.

ఆ పని మనకు మిగిలి ఉన్నది. క్రియోల్‌లో మనము "రోస్ కారి" అనే ఆ రాయి, దాని పొత్రము, చాట, కవ్వము ఇంకా కొన్ని ఇళ్ళలోనే ఉన్నాయి. వాటి తెలుగు పేర్లు చెప్పగలవారు ఇంకా తక్కువ. నూనె రంగులు ఖరీదైతే పెన్సిలు చాలును. ఒక ఆదివారము ఆ రాయిని కిటికీ వెలుగులో పెట్టి, ప్రక్కన అమ్మమ్మను కూర్చోబెట్టి, పిల్లల చేత అరగంట చూపించి గీయించండి. బొమ్మ క్రింద వస్తువు పేరు, అమ్మమ్మ పేరు తెలుగులో వ్రాయించండి. వచ్చే తరగతికి తీసుకొని వస్తే గోడకు అంటిస్తాము.